కణాదునకు తగిలించిన కిరీటము

క్రీ. శ. 1687లో న్యూటను ప్రకటించిన మూడు గతిసూత్రములను ఎన్నియో శతాబ్దములకు పూర్వమే కణాదమహర్షి చెప్పియుండెనని యొక వాదము నేడు విచ్చలవిడిగా తిరుగుచున్నది. బిడ్డలకు దీనిని పాఠముగా చెప్పువారును గలరు. ఇది దేశభక్తి యని వారి తలంపు. చదువకయే పొగడుట యని మేమందుము.

వింటినుండి వెడలిన బాణము నారిని విడిచిన పిమ్మటగూడ ఏల పోవుచున్నది? పూర్వుల మతభేదమును తెలిసికొనుటకు ఈ యొక్క ప్రశ్నము చాలును. క్రీ. పూ. 4వ శతాబ్దమునందలి అరిస్టాటిలు, కదలించునది తాకియుండనిదే కదలిక యుండదని నమ్మి, బాణమును చుట్టునున్న గాలియే త్రోయుచున్నదనెను. వైశేషికు లట్లనలేదు. నారి త్రోపుడు, అనగా నోదనము, తొలికదలికను కలిగించును. దానివలన బాణమునందే వేగమను సంస్కారము పుట్టి తరువాతి కదలికలను నడపును. ఆ సంస్కారము లేనప్పుడు గురుత్వముచేత బాణము పడును. కారణమును గాలిలో గాక బాణమునందే వెదకుట గొప్ప యూహ. గ్రీకు పండితుడు ఫిలోపోనసు క్రీ. శ. 6వ శతాబ్దమున అరిస్టాటిలును ఖండించి ఇట్టి మాటయే చెప్పెను. 14వ శతాబ్దమున ప్యారిసునందలి బురిడాను, ఎదురు లేనిచో ఆ శక్తి తనంతట నశింపదనెను. మన పూర్వులకు పదార్థవిచారమే లేదని పెదవి విఱుచు ఇంగ్లీషు చదువరులు దీనిని గమనింతురు గాక.

ఐనను ఇది న్యూటను మతము కాదు. సమవేగముతో సరళరేఖపై పోవు వస్తువును నడపుటకు అతని మతమున ఏ కారణమును అక్కరలేదు. ఆ గతిని మార్చుటకే బలము కావలయును. వైశేషికులకో, సాగుచున్న కదలికకే కారణము కావలయును. ఇక మూడవ సూత్రము మాట. స్పర్శగల ద్రవ్యములతోడి సంయోగవిశేషము వేగమునకు విరోధి యని ప్రశస్తపాదుడు తన భాష్యమున వ్రాసెను. బాణము గోడకు తగిలినచో వేగము చెడునని తాత్పర్యము. ఈ ‘విరోధి’ శబ్దమును పట్టుకొని, చర్యకు సమానమైన ప్రతిచర్య యని అర్థము చెప్పుచున్నారు! సమానమను మాట అందెచ్చట గలదు? పైగా భాష్యకారుని వాక్యమును కణాదుని సూత్రముగా చూపుచున్నారు. సంస్కృతము రాని గృహస్థులను సంస్కృతముతోనే మోసపుచ్చుట తగునా?

కొలత మాటయు ఇట్టిదే. గెలీలియో ఏటవాలు పలకపై గుండ్లను దొరలించి, కాఱిన నీటి తూకముతో కాలమును కొలిచి, సమానకాలములలో అవి పోవు దూరములు 1, 3, 5, 7 వరుసను పెరుగునని 1638లో ప్రకటించెను. వైశేషికసూత్రములలో ఇట్టి లెక్క లేదు.

సూదంటుఱాయికై సూది పోవుటకును, అగ్నిజ్వాల మీదికెగయుటకును కణాదుడు చెప్పిన కారణము ‘అదృష్టము’. అనగా కంటికి కానరానిది. తనకు కానరానిదానిని కానరానిదే యని పేర్కొనిన పెద్దకు, పరులు కనుగొనినదానిని అంటగట్టుట గౌరవమా?

దీనివలన నష్టము బిడ్డలకే. అన్నియు మనవారు ముందే చెప్పిరని నమ్మిన బిడ్డ ప్రశ్నించుట మానును. పెరిగి, ఆ మాట కల్ల యని తెలిసికొన్ననాడు పూర్వులు నిజముగా చెప్పినదానినిగూడ త్రోసిపుచ్చును. కావున తల్లిదండ్రులను మేము కోరునది యొక్కటే: అరిస్టాటిలు, కణాదుడు, న్యూటను, ఈ మువ్వురి సమాధానములను ఉన్నవున్నట్లుగా బిడ్డల ముందుంచుడు. పెరటిలో ఒక రాయి విసరి చూడుమనుడు. ఎవరి మాట ఎంతవరకు నిలుచునో వారినే తేల్చుకొననిండు.