ఎనభై దాటితే వణుకెందుకు?

కొత్త కారు వచ్చింది. గుడి ముందు పూజ అయింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు నలిగాయి. వారం రోజులు ఆఫీసుకీ ఇంటికీ మధ్య తిరిగింది. ‘వెన్నపూసలా నడుస్తోంది’ అని ఇంటాయన మురిసిపోయాడు. ఆదివారం తెల్లవారకుండానే కుటుంబమంతా హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరింది. హయత్‌నగర్ దాటింది. పంతంగి టోల్‌ప్లాజా దాటింది. రోడ్డు ఖాళీగా కనిపించేసరికి ఆయన ఇంకాస్త వేగం పెంచాడు. ముల్లు ఎనభై దాటిందో లేదో...

‘‘ఏంటండీ, చేతులు అలా వణుకుతున్నాయి?’’

‘‘చేతులు కాదే... స్టీరింగు!’’

డెబ్భైకి తగ్గిస్తే వణుకు మాయం. తొంభైకి పెంచితే మళ్లీ ప్రత్యక్షం. లక్షలు పోసి కొన్న బండి. వెనక సీట్లో పిల్లలు. ఇక ప్రయాణం సరదా ఏముంటుంది? సోమవారం సర్వీస్ సెంటర్‌కి వెళ్తే వినిపించే జవాబు కూడా చాలామందికి పరిచయమే. ‘‘కొత్త బండి కదా సార్... వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సెట్టయిపోతుంది.’’

అలా సెట్టయ్యేది కాదది. ఒక వేగం దగ్గరే మొదలయ్యే వణుకుకి చాలాసార్లు కారణం చక్రాల తూకం తప్పడమే. తిరిగిన కొద్దీ అది దానంతటదే సరికాదు. సరిచేయిస్తే మాత్రం గంటలో పోతుంది. ఖర్చూ కొన్ని వందల్లోనే.

వడిసెలలో రాయి

పొలాల్లో పిట్టల్ని తోలే వడిసెలని చూసినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మెల్లగా తిప్పితే రాయి బరువు చేతికి పెద్దగా తెలియదు. వేగంగా తిప్పితే అదే రాయి చేతిని లాగేస్తుంది. చక్రంలో ఒకపక్క బరువు ఎక్కువైనా జరిగేది ఇదే.

మామూలు కారు చక్రం వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది. 15 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకుందాం. ఆ వేగంలో అది సుమారు 5 కిలోల బలంతో చక్రాన్ని లాగుతుంది. అదీ సెకనుకి 15 సార్లు, పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ! యాభై వేగంలో ఆ బలం నాలుగో వంతే. ఎందుకంటే వేగం రెండింతలైతే లాగే బలం నాలుగింతలవుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగినన్నాళ్లూ ఈ లోపం బయటపడకపోవడానికి కారణం ఇదే.

మరి ఎనభైకీ నూటపదికీ మధ్యే ఎక్కువగా ఎందుకు తెలుస్తుంది? ఊయలని సరైన సమయంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా... కారు సస్పెన్షన్‌కీ స్టీరింగుకీ కూడా అలాంటి సొంత ఊపు ఒకటుంటుంది. చక్రం తిరిగే వేగం దానితో కలిసినప్పుడు వణుకు రెట్టింపవుతుంది. అందుకే కొన్ని కార్లలో నూట పది దాటాక వణుకు తగ్గినట్టనిపిస్తుంది. అంతమాత్రాన బాగైపోయినట్టు కాదు. లోపల దెబ్బలు పడుతూనే ఉంటాయి.

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకి పెంచారు. వంద దగ్గరున్న బలం నూట ఇరవైకి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. రోడ్లు బాగుపడే కొద్దీ చక్రాల తూకం మీద శ్రద్ధ కూడా పెరగాలి మరి.

కొత్త చక్రానికేం రోగం?

టైరుని ఎన్నో పొరలు అతికించి తయారుచేస్తారు. పొరలు కలిసిన చోట బరువు కాస్త ఎక్కువ. రిమ్ముకి ఓ పక్క వాల్వు ఉంటుంది. అంచేత ఏ చక్రమూ పుట్టుకతో నూటికి నూరుపాళ్లు సమతూకంలో ఉండదు. కంపెనీలో మెషీన్ మీద తిప్పి, తక్కువైన చోట చిన్న వెయిట్లు అతికించి తూకం సరిచేస్తారు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అలాయ్ చక్రాల లోపలివైపు అతికించిన వెయిటు ఒక్కటి ఊడినా చాలు. వాటర్ సర్వీసింగ్‌లో నీళ్ల ధాటికి కూడా ఊడొచ్చు. వానాకాలం బురద రిమ్ము లోపల ఎండి గడ్డకట్టినా తూకం పోతుంది. గోతిలో పడి రిమ్ము అంచు వంగొచ్చు. స్టాక్‌యార్డులో నెలల తరబడి కదలకుండా నిలబడితే టైరు నేలకి ఆనిన చోట అణిగిపోతుంది. ఈ చివరిది ఒక్కటే కొన్నిసార్లు దానంతటది సర్దుకుంటుంది. కొంతదూరం నడిచి టైర్లు వేడెక్కాక పోయే వణుకు అలాంటిదే. రోజూ తిరుగుతున్నా పోకపోతే మాత్రం చూపించాల్సిందే.

కారు తీసుకున్న మర్నాడే ఫ్యాన్సీ అలాయ్‌లు వేయించేవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. బయట కొన్న చక్రం మధ్య రంధ్రం కారు హబ్ కన్నా పెద్దదైతే చక్రం కచ్చితంగా మధ్యలో కూర్చోదు. అప్పుడు తూకం ఎంత వేసినా వణుకు పోదు. మధ్యలో సరిపడా రింగు వేయించాలి.

ఏ వణుకు ఎక్కడిది?

మెకానిక్ దగ్గరికెళ్లే ముందు ఇంటాయనే సగం రోగం పట్టేయొచ్చు. స్టీరింగు రెండు చేతులా పట్టుకునే ఈ నాలుగు సంగతులూ గమనించాలి.

* స్టీరింగులో వణుకు తెలిస్తే ముందు చక్రాల మీద అనుమానం. సీటులో, కాళ్ల కింద తెలిస్తే వెనక చక్రాల మీద.

* బ్రేకు నొక్కినప్పుడే వణికితే అది టైరు కాదు. బ్రేకు డిస్కుల సంగతి చూడాలి.

* ఒకే వేగంలో గేరు మార్చి చూడాలి. ఎనభైలో నాలుగో గేరులోనూ అయిదో గేరులోనూ వణుకు ఒకేలా ఉంటే చక్రాలదే తప్పు. గేరుతోపాటు వణుకూ మారితే ఇంజిన్ వైపు చూడాలి.

* యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతే డ్రైవ్‌షాఫ్ట్ చూపించాలి.

చక్రం విప్పి బిగించిన మర్నాడే వణుకు మొదలైతే ముందు నట్లు సరిగ్గా బిగించారో లేదో చూడాలి. టైరు పక్క గోడ ఉబ్బి కనిపిస్తే ఇక ఆలోచించేదేం లేదు, ఆ టైరు మార్చాల్సిందే. రోడ్డు మీద ఉన్నట్టుండి వణుకు పెరిగితే సడెన్ బ్రేకు వేయకూడదు. మెల్లగా వేగం తగ్గించి, రోడ్డు పక్కకి తీసి చూసుకోవాలి.

అలైన్‌మెంట్ వేరు... బ్యాలెన్సింగ్ వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ‘‘స్టీరింగు వణుకుతోంది, అలైన్‌మెంట్ చెయ్యండి’’ అంటారు. షాపువాళ్లు అదే చేసి పంపుతారు. డబ్బులు పోతాయి, వణుకు పోదు! నాలుగు చక్రాలూ ఏ దిక్కుకి చూస్తున్నాయి, ఎంత వాలి నిలబడ్డాయి అన్నది అలైన్‌మెంట్. అది తప్పితే బండి ఓ పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా అన్నది బ్యాలెన్సింగ్. అది తప్పితే బండి వణుకుతుంది. లాగితే అలైన్‌మెంట్, వణికితే బ్యాలెన్సింగ్... ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

మెషీన్ దగ్గర నిలబడాలి

బ్యాలెన్సింగ్‌కి ఇచ్చి టీ తాగడానికి వెళ్లిపోకుండా పక్కనే నిలబడి చూడటం మంచిది. ముందు రిమ్ములోని బురద కడగాలి. పాత వెయిట్లు తీసేయాలి. చక్రాన్ని మెషీన్‌కి బిగించి, రిమ్ము కొలతలు ఇచ్చి తిప్పితే లోపలివైపు ఎన్ని గ్రాములు, బయటివైపు ఎన్ని గ్రాములు తక్కువో అంకెలు పడతాయి. చెప్పిన చోట వెయిట్లు పెట్టాక రెండోసారి తిప్పడం తప్పనిసరి. రెండువైపులా సున్నా వస్తేనే పని అయినట్టు. ముందు చక్రాలు రెండూ చేసి వదిలేయకుండా నాలుగూ చేయించాలి.

తిరిగి బిగించేటప్పుడు హబ్ మీద తుప్పు, మట్టి లేకుండా తుడవాలి. నట్లని వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చివర్లో కంపెనీ చెప్పిన లెక్కకి టార్క్ రెంచితో సరిచూడాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంతే గాలి పెట్టించాలి.

ఒక్క చక్రానికే మరీ ఎక్కువ వెయిట్లు పడుతున్నాయంటే ఇంకేదో లోపం ఉన్నట్టు. అప్పుడు టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తారు. కొన్ని కొత్త టైర్ల మీద పసుపు చుక్క ఉంటుంది. ఆ వైపు బరువు తక్కువని దానర్థం. దాన్ని వాల్వు దగ్గరికి చేరిస్తే తక్కువ వెయిట్లతో పని అయిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంగిందేమో, టైరు గుండ్రంగా లేదేమో చూడాలి. టైరు మీద రోలర్‌ని అదిమి, రోడ్డు మీద నడిచినట్టే తిప్పి పరీక్షించే రోడ్ ఫోర్స్ మెషీన్లు కొన్నిచోట్ల ఉన్నాయి. అవేవీ దొరక్కపోతే ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి చూడొచ్చు. వణుకు స్టీరింగులోంచి సీటులోకి మారిందంటే దొంగ దొరికినట్టే!

మాటలు కాదు, కాగితం కావాలి

సర్వీస్ సెంటర్‌లో ‘బండి ఏదోలా ఉంది’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘80కీ 100కీ మధ్య స్టీరింగు వణుకుతోంది, బ్రేకు వేయకపోయినా ఉంది’ అని జాబ్‌కార్డులో రాయించాలి. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే వేగంలో, అనుమతి ఉన్న రోడ్డు మీద నడిపి చూపించాలి. పని అయ్యాక ఏ చక్రానికి ఎన్ని గ్రాములు వేశారో రాయించుకుని కాగితం దాచుకోవాలి.

ఇంకో సంగతి. చాలా కార్ల వారంటీలో టైర్లు ఉండవు. వాటి పూచీ టైరు కంపెనీది. బ్యాలెన్సింగ్‌ని కూడా మామూలు మెయింటెనెన్స్ కిందే లెక్కేస్తారు. కాబట్టి వారంటీ పుస్తకం మొదటి వారంలోనే చదివి, వణుకు కనిపించగానే ఫిర్యాదు రాయించడం మేలు. ఆర్నెల్లు తిరిగాక అడిగితే ‘గోతిలో పడి ఉంటుంది సార్’ అనేస్తారు. ఎంత తిరిగినా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

టైరు మీది తేదీనీ ఓసారి చూసుకోవాలి. ‘డాట్’ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారంలో తయారైందని. కొత్త కారుకి మరీ పాత టైర్లుంటే తీసుకునే రోజే అడగాలి.

ఈ కాస్త వణుక్కి ఇంత హడావుడి ఎందుకంటారా? తూకం తప్పిన చక్రం టైరుని అక్కడక్కడా గుంటలు పడేలా అరగదీస్తుంది. ఒకసారి అలా అరిగాక తూకం సరిచేసినా ఆ టైరు రొద పూర్తిగా పోదు. బేరింగులు, సస్పెన్షన్ బుష్షులు త్వరగా పాడవుతాయి. నాలుగైదు గంటలు వణికే స్టీరింగు పట్టుకున్న మనిషి అలసిపోతాడు. అలసిన చేతుల్లో బండే కాదు, అందులో ఉన్న ఇంటిల్లిపాదీ ఉంటారు.

ఆ తర్వాత కూడా దాదాపు పదివేల కిలోమీటర్లకోసారి, టైరు మార్చినా పంక్చర్ వేయించినా వెంటనే తూకం చూపించుకుంటే సరి. కొత్త బండితో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లు అంతకు ముందే ఓ ఉదయం ఖాళీగా ఉన్న హైవే మీద పది కిలోమీటర్లు నడిపి చూడాలి. వణుకుంటే అక్కడే బయటపడుతుంది, పిల్లలు వెనక సీట్లో ఎక్కకముందే!