త్రాగుడు మాన్పించుటకగు వ్యయము

త్రాగుబోతునకు మందిచ్చుట చిల్లికుండలో నీరు పోయుటయే యని మొన్న నొక విద్యావంతుడు నాతో ననెను. ఆయన ఉద్యోగమున పెద్దవాడు, లెక్కలు తెలిసినవాడు. త్రాగుడు మాన్పించు కేంద్ర మొకదాని సంవత్సరపు నివేదికను నా చేతికిచ్చి, "ఇంత ధనము వ్యయమైనది, ఇందఱు బాగుపడిరని వ్రాసినారు, వారిలో సగముమంది మరల దుకాణము ముంగిట కనబడుచున్నారు. ఈ సొమ్ముతో నొక రోడ్డు వేసినచో నిలిచియుండెడిది గదా!" యని నిట్టూర్చెను. ఆ నివేదికను నేను రెండుమాఱులు చదివితిని. ఆయన కోపము న్యాయమైనదే. దానినుండి తీసిన సిద్ధాంతము మాత్రము న్యాయమైనది కాదు. ఆ కాగితములలో బాగుపడినవారి లెక్కయు, వ్యయపు లెక్కయు రెండును తప్పుగా కట్టబడినవి. తప్పులెక్కను చూచి వైద్యమును నిందించుట, తూనికరాయి తక్కువైనదని ధాన్యమును పాఱబోయుటవంటిది.

ముందు బాగుపడినవారి మాట. ఒక తరగతిలో నలువదిమంది పిల్లలు చేరి, యిరువదిమంది నడుమ మానివేసి, పరీక్షకు కూర్చున్న యిరువదిమందిలో పదునెనిమిదిమంది యుత్తీర్ణులైరనుకొనుడు. నూటికి తొంబదిమంది గెలిచిరని చెప్పికొను బడి యేదైన నుండునా? ఉన్నవి, అది వేఱు సంగతి. కాని చదువు సంగతి యెఱిగినవాడు దానిని నలువదియైదనియే చెప్పును. ఈ కేంద్రముల నివేదికలలో జరుగునది సరిగా నిదియే. వచ్చుట మానినవారిని లెక్కనుండి తీసివేయుదురు. తుదిదినమువఱకు నున్నవారిని, ఆ తుదిదినముననే పరీక్షించి, బాగుపడినవారని వ్రాయుదురు. గేటు దాటిన పిమ్మట వా రేమైరో విచారించిన వారు లేరు. త్రాగుడు వారముదినములలో కుదురు జ్వరము కాదు. దాని పరీక్ష గేటు దాటిన తరువాతనే మొదలగును.

ఇక పడకల మాట. మనదేశమున ఈ వైద్యమనగానే యధికారుల కన్నులయెదుట నిలుచునది భవనము, అందులో మంచములు. కేంద్రప్రభుత్వపు సామాజికన్యాయశాఖవారు పునరావాసకేంద్రముల కిచ్చు గ్రాంటులు సైతము పదునైదు పడకలది, ముప్పది పడకలది యని పడకల లెక్కనే తరగతులుగా నేర్పడియున్నవి. రోగి యింటనే యుండి, పని చేసికొనుచు, దినము విడిచి దినమో వారమున కొకమాఱో వచ్చి మందును మాటయు పుచ్చుకొనిపోవు పద్ధతి, దానినే యాసుపత్రులలో ఓపీ యందుము, వీరి దృష్టిలో సగము వైద్యము, బీదలకు చాలించు వైద్యము. దానికి శంకుస్థాపన చేయుటకు రాయి లేదు. ప్రారంభోత్సవమునకు తోరణము కట్టుటకు గుమ్మము లేదు. ఇందుకే కాబోలు దానిపై నాదరము తక్కువ.

ఈ రెండింటిలో నేది మేలో ఊహించి చెప్పనక్కఱలేదు. తూచి చూచినవారు కలరు. అమెరికాదేశమున ఫిలడెల్ఫియా నగరపు మాజీసైనికుల యాసుపత్రిలో, త్రాగుడు మానునప్పుడు కలుగు వణుకు మొదలగు బాధలు మితముగా నున్న 164 మంది పేదపురుషులను, చీట్లు వేసినట్లు, రెండు పక్షములుగా విడదీసిరి. 77 మందిని పడకలలో నుంచిరి. 87 మందిని వచ్చిపొమ్మనిరి. దాని ఫలితము 1989లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటితమయ్యెను. పడకలలోని వారికి సగటున 9.2 దినములు, వచ్చిపోవువారికి 6.5 దినములు పట్టినవి. పడకలవారికి తల కొక్కింటికి 3,319 మొదలు 3,665 డాలర్లవఱకు వ్యయము కాగా, వచ్చిపోవువారికి 175 మొదలు 388 డాలర్లు చాలినవి. ఎంత తక్కువగా జూచినను ఎనిమిదిరెట్ల భేదము. ఆఱునెలల తరువాత విచారింపగా నుభయులస్థితియు ముందటికంటె చాల మెఱుగైయుండెను. ఒక పక్షమునకు రెండవదానిపై నాధిక్య మేమియు కనబడలేదు.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. పడకలలోని వారిలో నూటికి 95 మంది ఆ చికిత్సను ముగించిరి. వచ్చిపోవువారిలో 72 మందియే ముగించిరి. కావున పడకయే మేలందురా? అందుడు, కాని గేటునకు తాళము వేసిన యింటినుండి మనిషి బయటికి పోలేదనుట యొక గొప్ప కాదు. ఆఱునెలలకు కనబడని లాభము తొమ్మిదవదినమున కనబడినంతమాత్రాన దానికై యెనిమిదిరెట్లు చెల్లింపనేల? మఱియు నా పరిశోధకులు మధ్యలో మానినవారిని దాచలేదు. ఆ 28 మందియు వారి పుస్తకములో నున్నారు. మన నివేదికలలో నట్టివారు లేరు. అందుచేతనే మన నివేదికలు వారి నివేదికకంటె నందముగా నున్నవి.

అయినను, పడక యెవ్వరికిని వలదని నే ననను. చిరకాలము మితిమీఱి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో, కొందఱికి రెండుమూడు దినములలో మూర్ఛలు వచ్చును. మతి చలించి లేనివి కనబడును. ప్రాణము పోవుటయు కలదు. ఇట్టివారిని, ఇదివఱకొకమాఱు మూర్ఛవచ్చిన వారిని, ఇంటికి పంపుట హత్యతో సమానము. తెలంగాణమున 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగినప్పుడును, 2020 మార్చిలో కరోనా కారణమున దుకాణములు మూసినప్పుడును, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసికవైద్యశాలకు జనము పరువులెత్తుట యందఱు నెఱిగినదే. ఆనాడు కావలసినది పడకలే. కాని ఆ జనములో నెందఱకు తమ యూరి ఆరోగ్యకేంద్రముననే నాలుగుదినముల మందును, విటమిన్ సూదియు, ఒక మంచిమాటయు దొరకియుండినచో ఎఱ్ఱగడ్డవఱకు రావలసిన పని లేకపోయెడిది! పడక నూటికి కొందఱకు. దానిని అందఱకు ద్వారముగా నిలిపినందుననే యెవ్వరికిని ద్వారము లేకపోయినది. 2019లో వెలువడిన జాతీయసర్వేక్షణము ప్రకారము, మద్యమునకు పూర్తిగా లొంగిపోయినవారిలో 38 మందికి ఒక్కనికి మాత్రమే యేదో యొక చికిత్స అందినది. పడక దొరకినవాడు 180 మందికి ఒక్కడు. ఈ సంఖ్యను పడకలు పెంచి సరిచేయుదు మనువాడు లెక్క రానివాడైన గావలెను, మేస్త్రి బంధువైన గావలెను.

వైద్యులు చాలరుగదా యందురు. దీనికి గోవా సమాధానము చెప్పినది. అచ్చటి పది ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో, హానికరముగా త్రాగు 377 మంది పురుషులపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. అందు మాటలాడినవారు వైద్యులు కారు. శిక్షణ పొందిన సామాన్యులు. ఒక్కొక్కనితో నాలుగుమాఱులకు మించి కూర్చుండలేదు. ఏమి త్రాగుచున్నావు, ఎప్పుడు త్రాగుచున్నావు, దానివలన నీకేమి పోవుచున్నది, మానవలెనని నీకే యెప్పుడైన దోచినదా యని వానిచేతనే చెప్పించుట. కూలిడబ్బులు చేతికి వచ్చిన సాయంకాల మే దారిని ఇంటికి పోవలెనో ముందుగా నిశ్చయింపజేయుట. ఇంతే. మూడునెలలకు నూటికి 36 మంది హానికరమైన త్రాగుడునుండి బయటపడిరి. ఈ మాటలు లేక మామూలు వైద్యమే పొందినవారిలో 26 మంది. సంవత్సరము తిరుగునప్పటికి ఆ భేదము తగ్గలేదు సరికదా పెరిగినది: ఒకవంక 54 మంది, మఱియొకవంక 32 మంది. అదనముగా నొక్కడు బయటపడుట కైన వ్యయము 217 డాలర్లని తేల్చిరి.

దీనిని నేను పండుగ చేసికొని చెప్పుట లేదు. ఆ పరిశోధన పూర్తిగా లొంగిపోయినవారిని గూర్చినది కాదు. వారి కిదియొక్కటి చాలదు. మఱియొకటి: మూడునెలల పరీక్షలో, భార్యను కొట్టుట తగ్గినట్లు కనబడలేదు. పరిశోధకులే యా మాట వ్రాసిరి. సీసా తగ్గినంతమాత్రాన చేయి తగ్గదన్నమాట. ఏ యింటికైనను పోయి, నీ భర్త బాగుపడెనా యని యామె నడుగక, వానినే యడిగి, వాని నోట వచ్చిన గ్లాసుల సంఖ్యను ఫలితమని వ్రాసికొనుట యెంత కొఱతపడిన కొలతయో దీనివలన తెలియును. లండనులో 1977లో ప్రకటితమైన పరిశోధన యొకటి కలదు: వివాహితులైన నూఱుగురు పురుషులలో సగముమందికి పూర్ణచికిత్స, సగముమందికి ఒక్కనాటి సలహా, సంవత్సరమునకు భేదము లేదు. దీనిని పట్టుకొని, అట్లైన నొక ఉపన్యాసము చాలునుగదా, కేంద్రము లన్నియు మూయవచ్చునని సంతోషించువారు కలరు. ఆ సలహా దంపతులను కలిపి కూర్చుండబెట్టి చెప్పిన సలహా యనియు, ఆ భార్యలను నెలనెల విచారించుచుండిరనియు వారు చదువలేదు. నెలనెల ఒకరు వచ్చి, ఎట్లున్నారమ్మా యని యడుగుటయే మన యూళ్లలో నెవ్వరును చేయని చికిత్స.

ఇక వ్యయపు లెక్కలోని రెండవ యన్యాయము. నివేదికలో వ్యయమనగా ఖజానా వ్యయమే. నా శిష్యు డొకడు ఎనిమిదవ తరగతిలో నుండగా చాలదినములు బడికి రాలేదు. విచారింపగా నిట్లు తెలిసినది. తండ్రి తాపీపనివాడు, తల్లి మిరపకోతలకు పోవును. ఒక ప్రైవేటు కేంద్రమువారు నెలదినములకు సొమ్ము ముందుగా కట్టించుకొనిరి. ఆమె కమ్మలు కుదువకు పోయినవి. ఆ నెల తండ్రి కూలి లేదు. విడిచిన దినమున మెడలో దండవేసి ఫోటో తీసిరి. ఎనిమిదవదినమున నతడు త్రాగెను. తరువాత జిల్లాకేంద్రపు ప్రభుత్వాసుపత్రికి పోయిరి. మందు ధర్మమే, కాని చూచువేళ ఉదయము మాత్రమే. చీటీ వ్రాయించుకొని వరుసలో నిలిచి బయటపడునప్పటికి మధ్యాహ్నము. బస్సు ఛార్జీలు, ఇద్దఱి కూలి, కుఱ్ఱవాని చదువు ఆ పూటతో సరి. తండ్రి యొంటరిగా పోయిన మార్గమధ్యమున దుకాణ మున్నది గనుక పిల్లవానిని తోడు పంపుచుండిరి. మూడుమాఱులు పోయి మానివేసిరి. మొదటి పుస్తకములో నతడు బాగుపడినవాడు. రెండవదానిలో శ్రద్ధలేక మానినవాడు. రెండును అబద్ధములే. కమ్మలును, కూలియు, పిల్లవాని పాఠములును ఏ పుస్తకములోను లేవు.

కావున వచ్చిపోవు వైద్యము చవుకయని నేను చెప్పునప్పుడు, ఎవరికి చవుక యను ప్రశ్న విడువరాదు. ఉదయము పదిగంటలకు తెఱచి ఒంటిగంటకు మూయు ఓపీ ప్రభుత్వమునకు చవుక, కూలివానికి ప్రియము. దానిని సాయంకాలమున, పని ముగిసిన పిమ్మట, ఊరికి దగ్గఱగా నడపినచో నిరువురకును చవుక యగును. ఇది క్రొత్తమాట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయంగడి మూయించిరనగా, ఆ ధైర్యము చిగిర్చినది రాత్రిబడులలో. అవి పగలు నడచియుండినచో నొక్క కూలిస్త్రీయు వచ్చియుండెడిది కాదు. ఆ యుద్యమము పెరిగి 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధమును తెచ్చెను. 1997లో దానిని సడలించిరి. సీసాను గుఱించి శాసనసభలో జరిగిన చర్చలో నాలుగవవంతైనను, ఆ సీసాను విడువలేక వణుకుచున్న చేతిని గుఱించి జరిగియుండిన నెంత బాగుండెడిది!

త్రాగుడు పాపముగాని రోగము కాదు, దానికి ప్రజాధనమేల యనువారు మన ప్రాచీనులనైనను చదువవలెను. చరకసంహితలో చికిత్సాస్థానపు 24వ యధ్యాయము మదాత్యయరోగమునకే కేటాయింపబడినది. అహితమైన యలవాటును ఒక్కమాఱుగా తెంచక పాదము పాదముగా తగ్గింపవలెనని సూత్రస్థానము చెప్పుచున్నది. ఫిలడెల్ఫియావారు మందు మోతాదును దినదినము తగ్గించుటయు నీ మార్గమే. మఱియు ప్రజాధన మందురా, ఆ ధనములో త్రాగుబోతు చెల్లించిన సుంకమే కొంత కాదా? 2020 మే నెలలో దుకాణములు మరల తెఱచినప్పుడు, విశాఖపట్టణపు జిల్లాలో వరుసలు సరిచూచుటకు ఉపాధ్యాయులను నిలిపిరి. మా కులమువారిని దుకాణపు వాకిట నిలుపుటకు దొరకిన యాజ్ఞాపత్రము, ఆరోగ్యకేంద్రమున సాయంకాలము రెండుగంటలు ఒక మనిషిని కూర్చుండబెట్టుటకు దొరకదట!

ఆ పెద్దమనిషికి నివేదికను తిరిగి యిచ్చుచు, పట్టికప్రక్కను పెన్సిలుతో మూడు గళ్లు గీసితిని. మొదటిదానిలో, మొదటిదినమున పేరు వ్రాయించుకొన్న వారందఱు, మానినవారితో సహా. రెండవదానిలో, పండ్రెండవ నెలలో ఆ యింటి యిల్లాలు చెప్పినమాట. మూడవదానిలో, ఆ కుటుంబమునకు పోయిన కూలిదినములు. ఆయన చాలసేపు చూచి, గళ్లు బాగున్నవిగాని వీనిని నింపువా రెవ్వరని యడిగెను. ఆశాకార్యకర్త నెలకొకమాఱు ఆ వీథినే పోవుచున్నదని చెప్పితిని. ఆమెకు దాని కొఱకు ప్రత్యేకముగా నేమైన నీయవలెనా యని మరల నడిగెను. ఈయవలెననియే చెప్పితిని.