రీబూటు వైద్యం

ప్లెయిన్స్‌బరోలో రాత్రి 2 గంటలకి మళ్ళీ ఫోను. ఆఫీసులో ఫ్రీబీఎస్‌డీ ఫైల్ సర్వర్ పానిక్ అయిందట, ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్లన్నీ బిగుసుకుపోయాయట. "పవర్ బటన్ నొక్కించెయ్," అన్నాడు మేనేజరు.

వద్దు మహాప్రభో! పడిపోతూ కెర్నెల్ తన మెమరీని స్వాప్‌లోకి రాసుకుంటుంది. సర్వర్ లేచాక సేవ్‌కోర్ దాన్ని తీసి భద్రం చేస్తుంది. మధ్యలో బటన్ నొక్కితే ఉన్న ఒక్క సాక్ష్యమూ గోవిందా.

అయినా తొందరేమిటట? 1984లో సన్ వాళ్ళు ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చిందే సర్వర్ పడి లేచినా క్లయింట్లు తట్టుకునేలా. హార్డ్ మౌంట్ చేసిన మెషీన్లు ఎంతసేపైనా ఎదురు చూస్తాయి. ఆగలేనిది మనుషులే.

పోయినసారీ ఇలాగే నొక్కారు. సాక్ష్యం లేదు కాబట్టి నేరం హైదరాబాదు కుర్రాడి స్క్రిప్టు మీదకి పోయింది. ముందురోజు వాడేదో మార్చాడు కదా, ఇంకేం కావాలి! ఈసారి పోట్లాడి డంపు దక్కించుకున్నాను. బ్యాక్‌ట్రేస్ నిండా నెట్‌వర్క్ కార్డు డ్రైవరే. ఆ కుర్రాడికి సారీ చెబుతూ మెయిలు మాత్రం ఇంకా ఎవరూ కొట్టలేదు.