లొంగుబాటును మచ్చిక అనరాదు

పశువును మనుష్యుని దారికి తెచ్చుటకు తెలుగున రెండు మాటలు కలవు. లొంగదీయుట ఒకటి, మచ్చిక చేసికొనుట మరియొకటి. మొదటిది బలమునకు సంబంధించినది. రెండవదానిలో ప్రేమ, చనువు అను అర్థములు ఇమిడియున్నవి. గుఱ్ఱములకు శిక్షణ నిచ్చువారిలో పెక్కుమంది మొదటి పని చేసి దానికి రెండవ పేరు పెట్టుచున్నారు. దీనిని మాటల పొరపాటుగా మాత్రమే భావించి ఊరకుండరాదు. దీనివలన మంచి గుఱ్ఱములు చెడిపోవుచున్నవి. రౌతులు ఎముకలు విరుగగొట్టుకొనుచున్నారు.

బెదరిన గుఱ్ఱమును చూచినంతనే, “ఇది మొండిది, పొగరుబోతు, దీనికి నాలుగు తగిలింపవలెను” అనుట వాడుక. దోషమంతయు ఈ తీర్పులోనే కలదు. గుఱ్ఱము అనాదిగా క్రూరమృగములకు ఎరయైన జంతువు. దానికి కొమ్ములు లేవు, కోరలు లేవు. పరుగే దాని రక్షణ. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తన చుట్టు దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కాని సరిగా తోక వెనుకను, నొసటి ముందర కొంత మేరను దానికి కనబడదు. గాలికెగిరిన గుడ్డపేలికను చూచి అది ప్రక్కకు దుమికినచో, వేల తరములుగా దాని జాతిని బ్రతికించిన బుద్ధియే దానిని అట్లు దుమికించినది. ముందు పరుగెత్తి పిమ్మట ఆలోచించుట దాని స్వభావము. అట్టి దానిని కొరడాతో కొట్టినచో అది నేర్చుకొనునదేమి? గుడ్డపేలిక కనబడినప్పుడెల్ల ఒడలు మండునని మాత్రమే. అంతకుముందు దాని భయమునకు కారణము ఒక్కటి, ఇప్పుడు రెండు.

ఈ సంగతి క్రొత్తగా కనిపెట్టినది కాదు. గ్రీకు రచయిత జెనొఫను క్రీ. పూ. 4వ శతాబ్దిలోనే తన అశ్వారోహణ గ్రంథమున కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదనియు, బెదరినదానిని కొట్టి ముందుకు తోసినచో బెదురు హెచ్చుననియు చెప్పియున్నాడు. అదే శతాబ్దికి చెందిన ఒక కథను ప్లూటార్కు వ్రాసెను. మాసిడోనియా రాజైన ఫిలిప్పు వద్దకు అమ్మకమునకు వచ్చిన బుసెఫలస్ అను గుఱ్ఱము ఎవరిని ఎక్కనీయలేదు. అది పనికిరాదని త్రోసివేసిరి. బాలుడైన అలెగ్జాండరు మాత్రము అది తన నీడను చూచియే బెదరుచున్నదని గ్రహించెను. దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పెను. నిమురుచు కొంత దూరము ప్రక్కన నడిచెను. ఆ తరువాతనే ఎక్కెను. ఆ గుఱ్ఱమే అతనితో జీలం నదీతీరము దాక వచ్చెను. క్రీ. పూ. 326లో పోరసుతో జరిగిన యుద్ధము నాటికి దాని ఆయువు తీరెను. దాని పేర అక్కడ ఒక నగరము వెలసెను. ఈ కథను వీరగాథగా చెప్పుకొనువారు దాని సారమును విడిచిపెట్టుచున్నారు. ఇది దేనికి భయపడుచున్నది అను ప్రశ్న ఆనాడు అక్కడున్న పెద్దలెవ్వరును వేయలేదు. ఆ బాలుని గెలుపంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

“ఏమైనను మా పద్ధతి ఫలించుచున్నది గదా! గుఱ్ఱము ఎంత నెమ్మదిగా నిలిచియున్నదో చూడుడు” అని ప్రతిపక్షులు అందురు. వారి వాదములలో బలమైనది ఇదియే. కనుక దీనినే పరీక్షింపవలెను. ఉత్తర భారతమున పెండ్లి ఊరేగింపులలో వరుని మోయు గుఱ్ఱమును చూడుడు. చెవులు చిల్లులు పడు బాజాలు, టపాకాయలు, మిరుమిట్లు గొలుపు దీపములు. వాని నడుమ అది కదలక నిలుచును. కొన్నిచోట్ల దాని నోటిలో ములుకుల కళ్ళెము కూడ నుండును. భారతదేశమున 1965లో వెలువడిన నియమములు అట్టి కళ్ళెమును నిషేధించినవి. అయినను అది ఇంకను అంతరింపలేదు. నోటిలో ములుకు గుచ్చుకొనుచుండగా కదలకుండుటను శాంతమని ఎట్లు అనగలము? తప్పించుకొను దారి లేదని తెలిసిన జీవి పెనుగులాట మానివేయును. మనశ్శాస్త్రజ్ఞులు దీనిని నేర్చుకొన్న నిస్సహాయత అందురు. బయటికి నిశ్చలముగా కనబడు గుఱ్ఱము గుండె లోలోపల వేగముగా కొట్టుకొనుచుండవచ్చును. ఆ నిశ్చలత భగ్నమైననాడు పైన కూర్చున్నవానికే గాక, ప్రక్కన నిలిచిన పసిబిడ్డకు కూడ ప్రాణాపాయము.

మచ్చిక మార్గము వేరు. దానిని గారాబమని ఎగతాళి చేయుట అజ్ఞానము. 400 కిలోల జంతువు తన మీద పడి త్రొక్కుటను ఏ శిక్షకుడును సహింపడు. మచ్చికలోను హద్దు కలదు, క్రమము కలదు. డప్పునకు బెదరు గుఱ్ఱమొకటి కలదనుకొందము. నేర్పరి దాని చెవి దగ్గర డప్పు మ్రోగింపడు. అది చెవులు నిక్కించి చూచునంత దగ్గరగా, పారిపోజూడనంత దూరముగా డప్పును నిలిపి, మెల్లగా ఒక్క దెబ్బ వేయించును. గుఱ్ఱము మెడ దించి, నోరు మెదపి, ఊపిరి వదలిన మరుక్షణమే డప్పును తొలగించును. తాను నెమ్మదించినచో భయకారణము తొలగునని దానికి అప్పుడు తెలియును. మరునాడు రెండడుగులు ముందుకు. బెదరినచో మూడడుగులు వెనుకకు. గుఱ్ఱములు ఒకదానినొకటి గోకికొనునట్టి మూపు దగ్గరి చోటున చేతితో గోకినచో గుండె వేగము తగ్గునని 1993లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపినది.

శిక్షకుని మనఃస్థితి కూడ ఈ విద్యలో ఒక పనిముట్టు. బెర్లినులో లెక్కలు చేయునని పేరుపడిన హాన్స్ అను గుఱ్ఱము, నిజమునకు ప్రశ్నించువాని తలలోని అతిసూక్ష్మమైన కదలికలను గమనించి జవాబు చెప్పుచున్నదని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ నిరూపించెను. అంతటి చూపు గల జీవి, పగ్గము పట్టిన చేతి బిగువును కనిపెట్టలేదా? కోపమును లోపల దాచుకొని పైకి బుజ్జగించువానిని అది ఎట్లు నమ్మును?

“ఇంత ఓపికకు వ్యవధి ఏది?” అను ప్రశ్న మిగిలినది. లాయము ఊడ్చి దాణా పెట్టు సాయిసుకు ఈ తొందర లేదు. పది దినములలో గుఱ్ఱము తయారు కావలెనని ఆజ్ఞాపించు యజమానికే ఇది కలదు. సాయిసు చేతిలోని కొరడాను ఝళిపించునది ఆ ఆజ్ఞయే. మహాభారతమున నకులుడు విరటుని కొలువులో దామగ్రంథి యను పేర గుఱ్ఱములను సాకెను. అశ్వశాస్త్రము ఆయన పేర ప్రచారమున నున్నది. రాజపుత్రునకు తగిన విద్యగా ఈ దేశము తలచిన పనిని చాలీచాలని కూలికి, గడువు పెట్టి చేయించుచు, ఫలము చెడినప్పుడు గుఱ్ఱమును నిందించుట న్యాయము కాదు.

పది దినములలో లొంగదీసిన గుఱ్ఱమును దాని జీవితకాలమంతయు అనుమానముతోనే ఎక్కవలెను. నెలల తరబడి మచ్చిక చేసిన గుఱ్ఱము, ఎక్కడనో డప్పు మ్రోగినప్పుడు, పరుగెత్తుటకు ముందు ఒక్క చెవిని తన మనిషివైపు త్రిప్పును. కొరడా పట్టినవానికి ఆ చెవి తిరుగదు.