వడిసెల రాయి మంచె కిందే పడుతుందా?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ప్రక్షేపకాల లెక్కలంటే మన పల్లెల పిల్లలు జంకుతున్నారు. విసిరిన రాయి, తన్నిన బంతి, వడిసెల నుంచి దూసుకుపోయిన బెడ్డ, ఇవన్నీ ప్రక్షేపకాలే. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలు తోలిన ఇంటి పిల్లవాడికి ఈ పాఠం కొరుకుడు పడకపోవడమేమిటి? లోపం పిల్లవాడిది కాదు. సూత్రాల జాబితా చేతికిచ్చి వల్లె వేయించే పద్ధతిది.

ఒక లెక్క చూడండి. 5 మీటర్ల ఎత్తు మంచె మీద నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు సమాంతరంగా రాయి విసిరారు. ఎంత దూరంలో పడుతుంది? బట్టీ పట్టిన కుర్రాడు ఆలోచించడు. వ్యాప్తి సూత్రం రాసేస్తాడు. వేగం వర్గాన్ని, విసిరిన కోణానికి రెట్టింపు కోణం సైన్ విలువతో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించాలి. ఇక్కడ కోణం సున్నా, దాని సైన్ విలువా సున్నాయే. కాబట్టి జవాబు సున్నా మీటర్లు. అంటే రాయి మంచె కిందే పడిందన్నమాట! ఏ రైతుకు చెప్పినా నవ్విపోతాడు. నిజానికి సూత్రం తప్పు కాదు. విసిరిన మట్టానికే తిరిగివచ్చి పడే రాయికి మాత్రమే అది వర్తిస్తుంది. ఈ షరతు చెప్పకుండా సూత్రం ఒక్కటే నేర్పితే జరిగేది ఇదే.

సూత్రం పక్కనపెట్టి ముందు బొమ్మ గీయించాలి. రాయి కదలికను రెండుగా విడదీయాలి. కిందికి పడడం ఒకటి, ముందుకు పోవడం ఒకటి. ఒకదాని జోలికి మరొకటి రాదు. కిందికి పడడం వరకు చూస్తే, అది ఊరికే జారవిడిచిన రాయితో సమానం. గురుత్వ త్వరణం 9.8ని సులువు కోసం 10 అనుకుంటే, మొదటి సెకనులో 5 మీటర్లు దిగుతుంది. కనుక రాయి గాలిలో ఉండేది ఒక్క సెకనే. ఆ సెకనులో ముందుకు 20 మీటర్లు పోతుంది. అదే జవాబు. (గాలి అడ్డును ఈ లెక్కల్లో వదిలేస్తారు. చేలో అయితే రాయి కాస్త ఇవతలే పడుతుంది.)

ఇదేమీ కొత్త ఉపాయం కాదు. ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలోనే వివరించాడు. చూపించడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. బల్ల అంచు నుంచి ఒక రూపాయి బిళ్లను జారవిడిచి, అదే క్షణంలో ఇంకో బిళ్లను ముందుకు మీటితే, రెండు చప్పుళ్లూ ఒక్కసారే వినిపిస్తాయి.

అప్పో సప్పో చేసి పిల్లలను పట్నంలో చదివిస్తున్నాం. వాళ్లు ‘ఫిజిక్సు మనకబ్బదు’ అని గ్రూపు మార్చుకుంటే ఆ నష్టం ఎవరిది? లెక్చరర్లు వారం వారం పెట్టే పరీక్షల్లో జవాబుకే కాక బొమ్మకూ, విడదీసిన మెట్లకూ మార్కులు వేయాలి. తల్లిదండ్రులకు సూత్రాలు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడు లెక్క చేస్తుంటే ‘ఆ రాయి గాలిలో ఎంతసేపుందిరా?’ అని అడగండి.