పుల్లింగ్ లేని పికప్: లోపం ఇంజిన్‌లోనా, మరమ్మతు వ్యవస్థలోనా?

న్యూఢిల్లీ: తెల్లవారుజామున కూరగాయల లోడుతో మార్కెట్‌కు బయలుదేరిన పికప్ ట్రక్కు చిన్న ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పెరగదు. ఇంజిన్ కుదుపులు మొదలై క్యాబిన్ మొత్తం వణుకుతుంది. డ్యాష్‌బోర్డుపై పసుపు దీపం వెలుగుతుంది. 'పుల్లింగ్ లేదు, మిస్సింగ్ కొడుతోంది' అన్న మాటలు తెలుగు రాష్ట్రాల మరమ్మతు షెడ్లలో రోజూ వినిపించేవే. భాష మారినా, దేశమంతటా చిన్న సరకు వాహనాల యజమానుల ఫిర్యాదు ఇదే.

ఈ యజమానుల్లో చాలామందికి బండే జీవనాధారం. షెడ్డులో నిలిచిన ప్రతి రోజూ వారికి రెండు విధాల నష్టం: బాడుగ పోతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. దీనికి తోడు, అసలు లోపం తేలకముందే ఒక్కొక్క భాగాన్నీ మార్చుకుంటూ పోయే మరమ్మతు మూడో నష్టాన్ని మోపుతోంది. ఇది కేవలం మెకానిక్ నైపుణ్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. లోపాన్ని కనిపెట్టే జ్ఞానం గత కొన్నేళ్లలో చెవి నుంచి, చేతి నుంచి కంప్యూటర్‌కు మారింది. ఆ కంప్యూటర్‌ను చదివే సాధనం, శిక్షణ, అనుమతి మాత్రం అదే వేగంతో చిన్న షెడ్డుకు చేరలేదు.

2020లో మారిందేమిటి?

దేశమంతటా 2017 ఏప్రిల్ 1న బీఎస్-4 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత బీఎస్-5ను దాటవేసి, 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6ను అమలు చేశారు. డీజిల్‌లో గంధకం పరిమితి పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది. డీజిల్ తేలికపాటి వాహనాల నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి సుమారు మూడింట రెండొంతులు తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ నిబంధనలు వచ్చాయి. ప్రయోగశాలలోనే కాక రోడ్డుపై నడిచేటప్పుడు కూడా ఉద్గారాలు అదుపులో ఉండాలని, ఉద్గార నియంత్రణ పరికరాల పనితీరును వాహనమే మరింత నిశితంగా గమనించుకోవాలని అవి నిర్దేశించాయి.

నగరాల గాలికి ఇది అవసరమైన మార్పే. అయితే, దీనితో డీజిల్ పికప్ స్వరూపమే మారింది. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత చేరింది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, టర్బో, ఇంధన పీడనం, అన్నీ సెన్సర్ల ద్వారా ఒకే కంప్యూటర్‌కు ముడిపడ్డాయి. వీటిలో ఏది గాడి తప్పినా, పెద్ద నష్టం జరగకుండా కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తానే తగ్గించివేస్తుంది. డ్రైవరుకు 'పుల్లింగ్ లేదు' అనిపించే స్థితి చాలా సందర్భాల్లో ఈ స్వీయరక్షణే.

పనికిరాని పాత ఆనవాళ్లు

అనుభవం గల మెకానిక్ ఒకప్పుడు పొగ రంగు చూసి లోపం చెప్పేవాడు. నల్లని పొగ వస్తే గాలి చాలడం లేదని లేదా ఇంధనం ఎక్కువవుతోందని, నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం. ఇప్పుడు డీపీఎఫ్ మసిని లోపలే ఆపేస్తుంది కనుక నల్లని పొగ బయటికి కనిపించకపోవచ్చు. అతి పాత సాక్ష్యమే మరుగున పడింది.

మరో పాత పద్ధతి మరింత ప్రమాదకరంగా మారింది. ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి, ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి చూసేవారు. నేటి కామన్ రైల్ ఇంజిన్లలో లోడు మీద ఇంధన పీడనం 1,600 బార్, అంతకు మించి కూడా ఉంటుంది. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని ఒంట్లోకి చొచ్చుకుపోగలదు. పాత పనితనం కొత్త యంత్రం దగ్గర ప్రాణాపాయానికి దారి తీయవచ్చు.

క్రమం తప్పని పరీక్ష

శాస్త్రీయమైన నిర్ధారణలో తొలి ప్రశ్న వణుకు ఎక్కడ పుడుతోందన్నది. బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ వేగం పెంచినప్పుడు కూడా వణికితే కారణం ఇంజిన్‌లోనో, దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల్లోనో ఉంటుంది. బండి కదిలేటప్పుడు, క్లచ్ వదిలే క్షణంలో మాత్రమే వణికితే క్లచ్ ప్లేటును అనుమానించాలి. ఒక నిర్దిష్ట వేగంలోనే కనిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, చక్రాలు చూడాలి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే శక్తి తగ్గి కుదుపు వస్తే, చూడవలసినవి మూడు దారులు: ఇంధనం వచ్చే దారి, గాలి వచ్చే దారి, పొగ పోయే దారి.

ఇంధనం దారిలో మొదట చూడవలసినది చవకైన భాగాన్నే. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, అందులో నీరు చేరినా ఖాళీ బండి మామూలుగానే నడుస్తుంది. లోడు పడి ఇంధనం ఎక్కువ కావలసి వచ్చినప్పుడే ఇంజిన్ తడబడుతుంది. గాలి దారిలో ఎయిర్ ఫిల్టర్‌తో పాటు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను చూడాలి. అక్కడ చిన్న చీలిక ఉన్నా టర్బో పంపిన గాలి బయటికి పోయి, పైకి మాత్రం టర్బోయే చెడిపోయినట్లు కనిపిస్తుంది. మసి పట్టి తెరుచుకొని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు కూడా ఇదే భ్రమ కలిగిస్తుంది.

పొగ దారిలో ప్రధాన అనుమానం డీపీఎఫ్. అందులో పేరుకున్న మసిని వాహనం అప్పుడప్పుడూ సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చివేసుకోవాలి. హైవేపై నిలకడగా సాగే బండికి ఇది సులభం. పాలు, నీళ్ల క్యాన్లు, పార్సిళ్లు అందిస్తూ వీధి వీధికీ ఆగే బండికి ఆ అవకాశం చిక్కదు. పని మధ్యలో ఇంజిన్ ఆపేస్తే మసి మిగిలిపోతుంది. ఆ దహనం కోసం అదనంగా పంపిన డీజిల్‌లో కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరగడం దీనికి ఒక సూచన. హైవే ప్రయాణాలకు అనువైన సాంకేతికతను వీధి సరఫరాలో వాడుతున్నామన్న విషయాన్ని బండి అమ్మేటప్పుడే కొనుగోలుదారుకు చెప్పడం న్యాయం.

కోడ్ తీర్పు కాదు

స్కానర్ తగిలిస్తే లోపం దానంతట అదే తెలుస్తుందన్నది మరో అపోహ. ఉదాహరణకు పి0087 అనే కోడ్ ఇంధన రైలులో పీడనం తగ్గిందని మాత్రమే చెబుతుంది. కారణం మూసుకుపోయిన ఫిల్టర్ కావచ్చు, పైపులోకి గాలి చొరబడటం కావచ్చు, అరిగిన పంపు కావచ్చు, కారుతున్న ఇంజెక్టర్ కావచ్చు, తప్పు లెక్క చెబుతున్న సెన్సరూ కావచ్చు. వీటిలో ఒకటి వందల రూపాయలతో పోతుంది, మరొకటి వేల రూపాయలు మింగుతుంది. టర్బో పీడనం తగ్గిందని చెప్పే పి0299, డీపీఎఫ్‌లో మసి పేరుకుందని చెప్పే పి2463 కూడా అంతే. అవి రోగ లక్షణాలను చెబుతాయి, రోగాన్ని కాదు.

కారణం తేలేది కోడ్ తర్వాత చూసే అంకెల్లో. కంప్యూటర్ కోరిన పీడనానికి, నిజంగా ఉన్న పీడనానికి తేడా ఎంత? ఏ సిలిండర్‌కు ఇంధనాన్ని సర్దుబాటు చేయవలసి వస్తోంది? డీపీఎఫ్‌కు ముందూ వెనుకా పీడనంలో వ్యత్యాసం ఎంత? ఇంజెక్టర్ల నుంచి వెనక్కి కారే డీజిల్‌ను వేర్వేరు సీసాల్లో పట్టి పోల్చితే, అన్నింటినీ మార్చాలో ఒక్కటి చాలో తేలిపోతుంది. అరగంట పట్టే ఈ కొలతలు లేకపోతే మిగిలేది ఊహ. ఆ ఊహకు మూల్యం చెల్లించేది యజమాని.

తాళం ఎవరి చేతిలో?

సాధారణ కోడ్లను చౌక స్కానర్లు కూడా చదువుతాయి. అయితే కొత్త ఇంజెక్టర్ బిగించాక దాని సంఖ్యను కంప్యూటర్‌లో నమోదు చేయడానికి, డీపీఎఫ్‌ను షెడ్డులోనే బలవంతంగా శుభ్రపరచడానికి చాలా వాహనాల్లో కంపెనీ స్థాయి పరికరం అవసరం. అది అందుబాటులో లేని చోట ఒక పక్కదారి పుట్టుకొచ్చింది. డీపీఎఫ్‌ను తొలగించి, ఈజీఆర్‌ను మూసివేసి, కంప్యూటర్‌ను ఏమార్చడమే ఆ దారి. బండికి పుల్లింగ్ తిరిగి వస్తుంది, మసి వీధిలోకి చేరుతుంది. ఇలాంటి మార్పు మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు తొలిసారే మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అయినా, డీజిల్ వాహనాల కాలుష్య ధ్రువపత్రానికి చేసే పరీక్ష పొగ సాంద్రతను మాత్రమే కొలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి అందులో తేలదు.

ఈ తాళం గురించి విధాన స్థాయిలో చర్చ కొత్తదేమీ కాదు. విడిభాగాలు, నిర్ధారణ పరికరాలు స్వతంత్ర మరమ్మతుదారులకు అందకుండా చేస్తున్నారంటూ భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల తయారీ సంస్థలకు దాదాపు రూ.2,545 కోట్ల జరిమానా విధించింది. వాటిని అందుబాటులోకి తేవాలని ఆదేశించింది. ఆ తీర్పు అప్పీళ్లకు వెళ్లింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలతో పాటు వాహన రంగాన్నీ దాని పరిధిలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్ సమాచారాన్ని ఒకచోట చేర్చగలదు, కానీ తయారీదారును బాధ్యుణ్ని చేయాలంటే చట్టబద్ధమైన నిబంధన కావాలి.

తయారీదారుల ఆందోళనలోనూ వాస్తవం ఉంది. కంప్యూటర్‌లోకి ప్రవేశం అందరికీ తెరిస్తే ఉద్గార నియంత్రణనే తొలగించేవారు పెరుగుతారన్నది వారి వాదన. కానీ తాళం వేసి ఉన్నప్పుడే ఆ తొలగింపు జరుగుతోంది. చదవడానికి అనుమతి, మార్చడానికి అనుమతి వేర్వేరు. లోపాలను, కొలతలను చదివే సమాచారం, భాగాలు మార్చాక నమోదు చేసే సౌకర్యం సముచిత రుసుముపై గుర్తింపు పొందిన షెడ్లకు ఇవ్వడం, ప్రోగ్రామ్‌ను మార్చే దారిని మాత్రం మూసి ఉంచడం సాధ్యమే.

శిక్షణది మరో కోణం. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిలో ముగుస్తుంది. ఇప్పటికే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు మళ్లీ తరగతికి రావాలంటే పాఠం వారి వేళల్లో, వారి భాషలో ఉండాలి. విజయవాడ ఆటోనగర్ వంటి పెద్ద మరమ్మతు కేంద్రాలు అందుకు సహజమైన వేదికలు. స్కానర్ తెరపై ఇంగ్లిషులో కనిపించే వాక్యానికీ, 'మిస్సింగ్ కొడుతోంది' అన్న డ్రైవరు మాటకూ మధ్య వంతెన వేయగలిగేది అక్కడి మెకానిక్కే.

అంతవరకు యజమాని చేయగలిగింది ఒకటుంది. ఏ భాగాన్నైనా మార్చడానికి ముందు కోడ్ ఏమిటో, ఏ కొలత చూసి ఆ నిర్ణయానికి వచ్చారో కాగితంపై రాసి ఇమ్మని అడగడం. ఆ కాగితం ఇవ్వగలిగిన షెడ్డు లోపాన్ని వెతికినట్లు. ఇవ్వలేని చోట వెతుకులాట ఇంకా మొదలే కాలేదని అర్థం.