రక్తపుపోటు: మూత్రపిండాల మాటేమిటి?

బ్లడ్ ప్రెషర్ అనగానే అందరూ గుండెకేదో అయిందని కంగారు పడతారు. మూత్రపిండాల సంగతి చాలామందికి తట్టదు. కాని 30 ఏళ్ళు నిండకుండానే పోటు వచ్చినా, మందులకు అదుపులో ఉన్నది హఠాత్తుగా పెరిగినా మూత్రపిండాలను తప్పక పరీక్షించాలి.

1934లో అమెరికాలో హారీ గోల్డ్‌బ్లాట్ అనే డాక్టరు, కుక్కల మూత్రపిండాలకు రక్తం తెచ్చే ధమనిని క్లిప్పుతో నొక్కి ఇరుకు చేశాడు. వాటి రక్తపుపోటు పెరిగింది. కారణమేమిటంటే, తనకు రక్తం చాలనప్పుడు ఒళ్ళంతటా పోటు పడిపోయిందని మూత్రపిండం పొరబడుతుంది. రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దానివల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారై సన్నని ధమనులను బిగిస్తుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలవ ఉండిపోతాయి. మనుషుల్లో ధమని ఇరుకవడమే కాదు, నెఫ్రైటిస్, మధుమేహం వల్ల మూత్రపిండాలు చెడినా పోటు పెరుగుతుంది.

మొదట్లో ఇది వట్టి బిగింపే. కారణం తొలగితే నాళాలు సడలుతాయి. కాలం గడిచినకొద్దీ, బరువులు మోసేవాడి కండ బలిసినట్లు, వత్తిడి మోసే నాళాల గోడలు మందమవుతాయి. లోపలి దారి ఇరుకవుతుంది. అప్పుడు అసలు కారణాన్ని సరిచేసినా పోటు పూర్తిగా దిగకపోవచ్చు. పైగా ఆ వత్తిడికి బాగున్న రెండో మూత్రపిండమూ దెబ్బతింటుంది. రోగమే రోగాన్ని పెంచుతుందన్నమాట.

అందుచేత ఆలస్యం పనికిరాదు. మూత్రం విపరీతంగా నురగ కట్టినా, పొద్దున్నే కళ్ళకింద ఉబ్బినా, పాదాలు వాచినా డాక్టరుకు చూపించండి. ఏ లక్షణమూ లేకుండా కూడా జబ్బు ఉండవచ్చు. కనుక పోటు 140/90 దాటి ఉంటున్నవారు మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే. నొప్పుల మాత్రలు మీ అంతట మీరు వాడకండి.

యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మంచి మాత్రలున్నాయి. అయితే పక్కింటివారికి గుణమిచ్చిందని మీరూ కొనుక్కోకండి. గర్భిణులకూ, రెండు మూత్రపిండాల ధమనులూ ఇరుకైనవారికీ అవి హాని చెయ్యవచ్చు. డాక్టరు ఇచ్చినవి మాత్రం, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానెయ్యకండి. నాళాలు మందం కాకముందే పోటును అదుపులో పెట్టుకోవడం మేలు.